సన్యాసమ్మగారి గెడ్డపాయన

డెబ్భై ఆరులో మా ఆయన గురునాథరావుకి విశాఖపట్నం పోర్టులో ఓడ సరుకు లెక్కలు రాసే టాలీ క్లర్కు ఉద్యోగం వచ్చింది. కొవ్వూరులో గోదావరి గట్టున పుట్టి పెరిగిన నన్ను తీసుకొచ్చి మల్కాపురంలో దింపాడు. ఒక పక్క రిఫైనరీ గొట్టం మీద ఆరకుండా మండే మంట. ఇంకో పక్క ఆరేసిన బట్టల మీద పడే ఎర్రటి ఇనప దుమ్ము. తాగే నీళ్ళు ఉప్పన. పైగా ఇక్కడి మాట నాకు సగమైనా అర్థమయ్యేది కాదు. దిగిన రోజునే ఇంటావిడ గుమ్మంలోకి వచ్చి "ఏటి సేత్తన్నావు?" అని అడిగితే, నన్నేదో తిట్టిందనుకుని మొహం ముడుచుకుని లోపలికి పోయాను. గోదావరి నీళ్ళు తాగినవాళ్ళకి కాస్త తలబిరుసు అంటారు. నాకు కాస్త కాదు.

ఆ ఇంటావిడే సన్యాసమ్మగారు. పెంకుటింట్లో సగం వాటా మాకు అద్దెకిచ్చింది. మనిషి పొట్టి, చామనఛాయకి ఇంకాస్త నలుపు. ముక్కుకి రెండు పక్కలా పుడకలు, నుదుట రూపాయి కాసంత కుంకుమ, చేతుల నిండా ఎర్ర గాజులు. పొద్దున్నే అరుగు మీద కూచుని చుట్ట తాగేది. తాగితే తాగింది, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని తాగేది. అడ్డపొగ అంటారట. మొదటిసారి చూసి కెవ్వుమన్నాను. ఆవిడ చుట్ట తీసి, నోరు కాలకుండా ఎలా తాగాలో నాకు నేర్పబోయింది. పారిపోయి వచ్చేశాను.

కొన్నాళ్ళకి నాకు ఆ మాటా అలవాటైంది, ఆ మనిషీ అలవాటైంది. కూర వండితే గిన్నె అటు వెళ్ళేది, చేపల పులుసు ఇటు వచ్చేది. ఆవిణ్ణి నేను పిన్నిగారూ అనేదాన్ని. ఆవిడ కొడుకు అప్పలసూరి పోర్టులో క్రేన్ డ్రైవరు. మా ఆయన్ని బావా అని, నన్ను సెల్లెమ్మా అని పిలిచేవాడు. అతని భార్య గంగాభవాని. ఇల్లంతా ఆ ముగ్గురే. కానీ ఆ ఇంట్లో నాలుగో మనిషి ఒకాయన ఉన్నాడు. కనపడడు, అంతే.

ఆయన సన్యాసమ్మగారి భర్త. వాళ్ళది సబ్బవరం దగ్గర ఒక పల్లె. యుద్ధం మొదలైన మరుసటేడు, అంటే నలభైలో, ఆయన విశాఖపట్నంలో ఓడెక్కి రంగం వెళ్ళాడు. రంగూన్‌ని వీళ్ళు రంగం అనే అంటారు. అక్కడి బియ్యం మిల్లుల్లో పనికి ఈ ప్రాంతం నుంచి వేలమంది పోయేవాళ్ళట. అప్పటికి ఆవిడకి పద్దెనిమిదేళ్ళు, కడుపులో అప్పలసూరి. రెండు ఉత్తరాలు వచ్చాయి. తర్వాత రంగం మీద బాంబులు పడ్డాయి. అక్కడి మనవాళ్ళు కొండల్లో అడవుల్లో నెలల తరబడి నడిచి వెనక్కి వచ్చారు. అలా వచ్చిన ఒకడు, దారిలో కలరా తగిలి ఆయన పోయాడన్నాడు. ఇంకొకడు, అబద్ధం, ఆయన అసలు బయల్దేరనేలేదు, అక్కడే ఒక ఊళ్ళో ఉండిపోయాడన్నాడు. ఇద్దరిలో ఎవరూ కళ్ళతో చూసినవాళ్ళు కాదు. సన్యాసమ్మగారు రెండోవాడి మాట పట్టుకుంది. పిల్లాణ్ణి చంకనేసుకుని పల్లె వదిలి మల్కాపురం వచ్చేసి, ఇరవయ్యేళ్ళు పోర్టులో మాంగనీసు తట్టలు మోసింది. పల్లెలో భూమి పని లేక కాదు. ఓడ దిగేవాళ్ళ మొహాలు ఇక్కడైతే కనపడతాయని. ఎవరు దిగినా "రంగం ఎల్లొచ్చినారా బాబూ?" అని అడిగేదట.

అలా ముప్పై తొమ్మిదేళ్ళు. ఉగాదికి కొత్త గాజులు వేయించుకునేది. పేరంటానికి పిలిస్తే ముందు వరసలో కూచునేది. వెనకాల గొణుక్కునేవాళ్ళు గొణుక్కునేవాళ్ళే. ఆవిడ ముందు అనడానికి ఎవరికీ నోరొచ్చేది కాదు.

డెబ్భై తొమ్మిది జనవరిలో ఒక సాయంత్రం అప్పలసూరి అన్నయ్య బిస్కట్ల రేకుడబ్బా ఒకటి రెండు చేతులతో పట్టుకుని వచ్చాడు. ఓడల మీంచి ఏదో ఒకటి తేవడం అతనికి జబ్బు. ఖాళీ సీసాలు, తెగిన తాళ్ళు, ఒకసారి పగిలిన ఇత్తడి గంట. తొండ ముదిరి ఊసరవెల్లి అయిందంటారు. ఈయన జబ్బు ముదిరి నిజంగా తొండే అయింది. డబ్బా మూత తీస్తే అందులో మూరెడు పొడవున ఒక తొండ ఉంది.

మన గోడల మీద తిరిగే తొండ కాదు. ఇసక రంగు ఒళ్ళు, బల్లపరుపుగా. పక్కల వెంట పల్లేరుకాయలు గుచ్చినట్టు ముళ్ళు. గొంతు కింద వదులు చర్మం, దాని నిండా కూడా ముళ్ళే. వీధి కుక్క ఒకటి లోపలికి తొంగిచూసి మొరిగింది. అంతే, ఆ గొంతు చర్మం గుప్పున ఉబ్బి నల్లగా మారింది. అచ్చం గుబురు గడ్డం పెంచిన ముసలాయన కోపంగా చూస్తున్నట్టే ఉంది. కుక్క తోక ముడిచింది.

"ఓలమ్మో! బొడ్డు మూసుకోండి!" అని గంగాభవాని అరిచింది. తొండ దూరం నుంచే చూసి బొడ్డులోంచి రక్తం పీల్చేస్తుందని ఇక్కడివాళ్ళ నమ్మకం. నేను పకపకా నవ్వాను. నవ్వుతూనే పైట కొంగు పొట్ట మీదికి లాక్కున్నాను.

"ఆస్ట్రేలియా నుంచి బొగ్గోడ వొచ్చింది బావా," అని అప్పలసూరి మా ఆయనకి చెప్పాడు. "అందులో వంటోడిది గోవా. వాడు పెంచుకుంటన్నాడు. మొన్న కెప్టెన్ బూట్లో దూరీసి పడుకుందంట. కెప్టెన్ కాలెట్టీసినాడు. నీళ్ళల్లోకి ఇసిరీమన్నాడంట. పాపమనిపించి నాను తెచ్చీసినాను."

వంటవాడు అతనికి కాస్త వివరం కూడా చెప్పాడట. ఆ దేశంలో ఇలాంటివి బోలెడు. ఎండిపోయిన మెట్టనేలల్లో ఉంటాయి. పొలం కంచెల గుంజల చివర ఎక్కి కూచుని రోజంతా ఎండ కాగుతాయి. పురుగులూ తింటాయి, ఆకులూ పువ్వులూ తింటాయి. వాన పడితే ఒంటి మీద జారే నీళ్ళనే తల వంచి తాగుతాయి. వాడు దీన్ని మూడు నెలల కిందట హార్బరు పక్క కంచె మీంచి పట్టుకున్నాడు.

సన్యాసమ్మగారు వచ్చి డబ్బా పక్కన కూచుంది. చాలాసేపు చూసింది.

"ఓడెక్కి వొచ్చినాదా?" అంది.

"అవునమ్మా."

"మనం అడిగి తెచ్చుకోనేదు. అదీ అడిగి రానేదు. పరాయి దేశంలో పడిపోనోడికి ఎవులో ఒకలు ఇంత కూడెట్టాల కదా. అక్కడ ఆయనకీ ఎవులో ఎట్టే ఉంటారు."

అప్పలసూరి తల దించుకుని డబ్బా మూత సరిచేస్తున్నాడు. ఆవిడ లేచి వెళ్ళి, మందార పువ్వొకటి కోసుకొచ్చి దాని ముందు పెట్టింది. అది కాసేపు ఆలోచించి, నాలిక చాపి తినేసింది.

అలా అది ఆ ఇంట్లో ఉండిపోయింది. గెడ్డపాయన అని పేరు పెట్టారు. పొద్దున్నే ఆవిడ దాన్ని తీసుకెళ్ళి పెరటి గోడ మీద పెట్టేది. ఎండెక్కేదాకా ముదురు రంగులో ముడుచుకుని ఉండి, ఒళ్ళు కాగాక తెల్లబారి, నోరు తెరుచుకుని కూచునేది. బొద్దింకలు, మిడతలు, మునగాకు, గుమ్మడి పువ్వు, ఏది పెడితే అది తినేది. మా వంటింట్లో బొద్దింకలు మాయమైపోయాయి. ఆ ఒక్క విషయంలో దాన్ని నేను మెచ్చుకున్నాను. చలిగా ఉన్న రోజుల్లో వంటయ్యాక పొయ్యిగట్టు మీద వెచ్చగా పడుకునేది. గంగాభవాని మాత్రం ఎడం చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, కుడి చేత్తోనే గిన్నెలు తోమడం నేర్చుకుంది.

మన తొండ ఒకటి, ఎర్ర గొంతుది, ఆ గోడ తనదనుకునేది. వచ్చి ఎదురుగా నిలబడి తల ఊపేది. గెడ్డపాయన గడ్డం నల్లగా చేసుకుని తనూ తల ఊపేది. ఇద్దరూ గంటసేపు అవునంటే అవునని తలలూపుకుని, చివరికి ఎవరి దారిన వాళ్ళు పోయేవారు. మా ఆయన యూనియన్ మీటింగులు కూడా ఇలాగే జరుగుతాయని నాకు తర్వాత తెలిసింది.

ఇంకో అలవాటుండేది దానికి. సన్యాసమ్మగారు దగ్గరికి వస్తే ముందు కాలొకటి ఎత్తి, నెమ్మదిగా గాలిలో గుండ్రంగా తిప్పి దించేది. "ఆఁ, ఆఁ, సూసినాను," అనేది ఆవిడ. తనకంటే పెద్ద జీవానికి, నీతో నాకు తగువు లేదు అని అది చెప్పుకునే పద్ధతట అది. ఎవరైనా చెబితే నమ్మరు గానీ, మా వీధిలో జనం దాన్ని చూడ్డానికి వచ్చేవాళ్ళు. పక్క వీధి నుంచి దొరబాబు అనే ఆయన వచ్చి, ఇది ఉడుం పిల్లేనని తేల్చి, నడుం నొప్పికి దాని మాంసం ఇమ్మన్నాడు.

"నీ నొప్పి నడుంలో నేదు దొరబాబూ, ఒంట్లో బద్దకంలో ఉన్నాది," అంది సన్యాసమ్మగారు. "ముందు దాన్ని కోసుకు తిను."

వీధి చివర ఇంకెవరో, ముసలమ్మ మొగుడు గడ్డం పెంచుకుని ఓడెక్కి వచ్చేశాడని పరాచికం ఆడారు. అది ఆవిడ చెవిన పడింది. కోప్పడలేదు. "మనిషి మనిషే, తొండ తొండే. నాకు పిచ్చేటి?" అంది. నిజమే, ఆవిడకి పిచ్చి లేదు. అది ముందే చెప్పడం మంచిది.

ఆ ఏడు ఆగస్టు ఆఖర్లో గోదావరి పుష్కరాలు. పన్నెండేళ్ళకోసారి వచ్చేవి. చనిపోయిన పెద్దలకి ఆ పన్నెండు రోజుల్లో గోదావరిలో పిండం పెడితే వాళ్ళ ఆకలి దప్పిక తీరుతుందని మనవాళ్ళ నమ్మకం. నా పుట్టిల్లు కొవ్వూరు కాబట్టి ఉగాది వెళ్ళగానే అప్పలసూరి నా దగ్గరికి వచ్చాడు.

"సెల్లెమ్మా, మా అయ్యకి పిండం ఎట్టాల. మీ వోళ్ళింట్లో దిగొచ్చా?"

"అదేం మాట అన్నయ్యగారూ, తప్పకుండా. మరి పిన్నిగారు?"

అతను తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. అప్పటికి అతనికి ముప్పై ఎనిమిది నిండాయి. తండ్రిని చూడలేదు. తండ్రి ఉన్నాడో లేడో తెలియదు. ఊళ్ళో అందరూ తద్దినాలు పెట్టుకుంటుంటే ఇతను చేతులు కట్టుకుని నిలబడాలి. మనిషి మొరటు గానీ, ఆ బాధ అతని మొహంలో ఎప్పుడూ ఉండేది. "ఆయన దాహంతో తిరుగుతున్నాడేమో అనిపిస్తాది సెల్లెమ్మా. కొడుకుండి కూడా," అన్నాడొకసారి. క్రేన్ మీద టన్నులు ఎత్తే మనిషి, తల్లి దగ్గర ఆ మాట ఎత్తలేకపోయాడు.

మే నెలలో సబ్బవరం నుంచి సన్యాసమ్మగారి మరిది కామరాజు వచ్చాడు. అరుగు మీద పంచాయతీ లాంటిది జరిగింది. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"వొదినా," అన్నాడాయన, "పన్నెండేళ్ళు కబురు నేకపోతే దర్భలతో బొమ్మ సేసి దహనం సేసీమని శాస్త్రం. మనం మూడు పన్నెండేళ్ళు ఆగినాం. సూరిగాడు కుమిలిపోతన్నాడు. నువ్వు ఊఁ అను."

"పోనాడని ఎవులు సూసినారు? నువ్వు సూసినావా?"

"నేదు."

"సూడకుండా మనిషిని కాల్చీమంటావేటి?"

కామరాజు కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఊరుకోవడం నాకు చేతకాదు కదా. అప్పలసూరి మొహం చూసి నాకు ఒళ్ళు మండింది. "పిన్నిగారూ, ముప్పై తొమ్మిదేళ్ళయింది. బతికుంటే ఒక్క ఉత్తరం ముక్క రాయడా? మీ పట్టుదల కోసం కొడుకుని ఏడిపిస్తారా?" అనేశాను.

ఆవిడ నావైపు చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత నెల రోజులు మా ఇంటికి చేపల పులుసు రాలేదు. ఎదురుపడితే పక్కకి తప్పుకునేది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ నాకు చిన్నప్పట్నుంచీ చెబుతూనే ఉంది. వినలేదు. ఆ రోజులన్నీ నేను అన్నం సరిగ్గా తినలేదు, నిజంగా సిగ్గుపడ్డాను.

జూన్ వచ్చింది. గెడ్డపాయన తినడం మానేసింది. మందారం పెట్టినా చూడలేదు. గోడ మీద పెడితే దిగి నీడలోకి వచ్చేసేది. ఒకరోజు నీళ్ళ కుండల కింద పోసిన ఇసకలోకి దూరి, సగం ఒళ్ళు ఇసకలో కప్పుకుని కళ్ళు మూసుకుంది. మర్నాడు కదల్లేదు. ఆ మర్నాడూ కదల్లేదు. అప్పలసూరి కర్రతో పొడిచి చూశాడు. చెక్క ముక్కలా అటు జరిగింది, అంతే. ముట్టుకుంటే కుండంత చల్లగా ఉంది.

"సచ్చిపోనాదమ్మా," అన్నాడు. పాపం అతనికీ ప్రేమే దాని మీద. పెరట్లో మునగచెట్టు కింద గొయ్యి తీశాడు. గంగాభవాని పసుపు, రెండు పువ్వులు తెచ్చింది. పొట్ట మీంచి చెయ్యి తీసి తెచ్చింది, అది నేను చూశాను. వీధిలో పదిమంది పోగయ్యారు. సాటి మనిషికి చేసినట్టే చేసి మట్టి చెయ్యబోయారు.

సన్యాసమ్మగారు వచ్చి ఆ కుండల ముందు కూచుంది.

"దీని జోలికి రాకండి."

"అమ్మా, సచ్చిపోనాది."

"సచ్చిపోనాదని నువ్వు సూసినావా? కదల్లేదని సూసినావు. తిన్నేదని సూసినావు. సావు సూసినావా?"

జనం మొహాలు చూసుకున్నారు. తొండ గురించి మాట్లాడటం లేదని అందరికీ తెలుసు. అప్పలసూరి పార అక్కడే పడేసి డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఆ గొయ్యి అలాగే ఉండిపోయింది.

వారం గడిచింది. రెండు వారాలు గడిచాయి. ఆవిడ రోజూ పొద్దున్నే కుండలు పక్కకి జరిపి, ఇసక మీద నాలుగు చుక్కల నీళ్ళు చల్లి, మళ్ళీ కుండలు సర్దేది. ఇక నేను ఆగలేకపోయాను. ఒక ఉదయం నేనే వెళ్ళి ఆవిడ పక్కన కూచున్నాను. క్షమించమని అడగడం నాకు రాదు. వంగి, ముక్కు దగ్గర పెట్టి, గెడ్డపాయన్ని వాసన చూశాను.

"వాసన లేదు పిన్నిగారూ," అన్నాను. "చచ్చిన ఎలకైతే మూడో రోజుకే ఇల్లంతా పీకి పందిరేసేది. ఇది బతికే ఉంది."

ఆవిడ నన్ను చూసి నవ్వింది. ఆ రోజు మధ్యాహ్నం మా ఇంటికి పులుసు వచ్చింది. అప్పట్నుంచి ఆ వాసన చూసే ఉద్యోగం నాదే. కొవ్వూరులో మునసబుగారి మనవరాలిని, మల్కాపురంలో తొండని వాసన చూస్తూ నెలన్నర గడిపాను.

శ్రావణమాసంలో ఒక శనివారం పొద్దున్న, కుండ జరిపేసరికి ఇసక కదిలింది. ముందు ముక్కు, తర్వాత కళ్ళు. బక్కచిక్కి తోలూ ఎముకా మిగిలిన గెడ్డపాయన ఇసక దులుపుకుని బయటికి పాకి వచ్చింది. గుమ్మం దాకా పాకి, ఎండ పడుతున్న చోట ఆగి, కళ్ళు మూసుకుని ఒళ్ళు పరిచింది. సన్యాసమ్మగారు అరచేతిలో నీళ్ళు పోసి ముందు పెడితే గుటక గుటకగా తాగింది. నేను వీధంతా వినపడేలా అరిచాను. జనం పరిగెత్తుకొచ్చారు. చచ్చి బతికిందని దండాలు పెట్టినవాళ్ళు కూడా ఉన్నారు.

ఎందుకలా పడుకుందో అప్పుడు మాకెవరికీ తెలియదు. చాలా ఏళ్ళ తర్వాత, ఎనభై అయిదులో, మా ఆయన ఆ దేశం నుంచి వచ్చిన ఓడ ఆఫీసరు ఒకాయన్ని అడిగి తెలుసుకున్నాడు. మనకి జూన్, జూలై నెలలంటే వాళ్ళకి చలికాలమట. చలికాలంలో ఆ జాతి నేలలో దూరి, తిండీ నీళ్ళూ మానేసి నిద్రపోతుందట. పాపం గెడ్డపాయన మల్కాపురం ఉక్కలో కూచుని కూడా తన ఊరి చలికాలాన్నే లెక్కపెట్టుకుంది. ఇంకో నాలుగేళ్ళు బతికి ఎనభై మూడులో పోయింది. ఆ పోవడం మాత్రం అందరం చూశాం.

అది లేచిన రోజు అందరూ సంబరపడుతుంటే అప్పలసూరి ఒక్కడూ మునగచెట్టు కింద నిలబడ్డాడు. నేను దగ్గరికి వెళ్ళాను.

"అయిపోనాది సెల్లెమ్మా," అన్నాడు. "ఇంక మా అమ్మ ఈ జన్మలో ఒప్పుకోదు. ఇదే లేసింది కదా, ఆయనెందుకు రాడంటాది."

నాకూ అలాగే అనిపించింది. కొవ్వూరులో మా నాన్నకి, రావడం లేదని ఉత్తరం రాయమని మా ఆయనకి చెప్పాను కూడా.

సన్యాసమ్మగారు ఆ రోజంతా దాని పక్కనే కూచుని మునగాకు ముక్కలు చేసి పెట్టింది. చుట్ట వెలిగించుకుని, తాగకుండానే ఆర్పేసింది. మర్నాడు ఆదివారం, నేను ఇడ్లీలు వేస్తుంటే మా వంటింట్లోకి వచ్చి పీట వాల్చుకుని కూచుంది.

"గౌరీ, మీ ఊరికి రైలు ఎన్నింటికి?"

నాకు అర్థం కాలేదు. "ఎవరికి పిన్నిగారూ?"

"నాకూ సూరికీ. వోణ్ణి పిలు."

అప్పలసూరి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడ అతని వైపు చూడకుండా, పొయ్యి వైపు చూస్తూ మాట్లాడింది.

"రెండు నెల్లు కూడూ నీళ్ళూ నేకుండా పడుంది. మీరందరూ పోనాదన్నారు. ఊపిరున్నాది కాబట్టి లేసింది. లేసి, నడవనేకపోతే పాక్కుంటూ గుమ్మం కాడికి వొచ్చింది. ఊపిరున్నోడు వొస్తాడ్రా. ఎలగైనా వొస్తాడు."

ఇడ్లీ పాత్ర ఆవిరి కొడుతోంది, నేను దించలేదు.

"మీ అయ్య మంచోడు. అన్నం తినీముందు, నువ్వు తిన్నావా అని అడిగీవోడు. అలాటోడు అక్కడ బతికుండి, కడుపుతో ఉన్న నన్నొదిలీసి, ఒక్క కబురెట్టకుండా ఉండిపోతాడేటి? బతికున్నాడు, బతికున్నాడు అని ముప్పై తొమ్మిదేళ్ళు అనుకున్నాను. అలగనుకోడానికి ఆయన్ని ఎంత సెడ్డోణ్ణి సేసీసినానో నాకే తెల్దు. నిన్న అది పాక్కుంటూ వొస్తంటే తెలిసినాది. ఆయన బయల్దేరే ఉంటాడు. దారిలోనే పోయుంటాడు."

ఇన్నేళ్ళూ ఆ మాట కోసమే కాచుకున్న అప్పలసూరి ఆ మాట విని తట్టుకోలేకపోయాడు. వచ్చి తల్లి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "వొద్దమ్మా. వొద్దు. మనం ఎల్లొద్దు. నీ గాజులు..." అంటూ చంటిపిల్లాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు. కొడుకు తల మీద చెయ్యి వేసి, "లే. ఆయనకి దాహంగా ఉంటాది," అంది.

వినాయక చవితి వెళ్ళగానే బయల్దేరాం. గెడ్డపాయన్ని గంగాభవాని చూసుకుంటానంది. మా పుట్టింట్లో దిగాక, పురోహితుడు చెప్పినట్టు ముందు గోదావరి గట్టున దర్భబొమ్మకి దహనం జరిపించారు. ఆ తర్వాతి తంతు ఎలా ఉంటుందో నాకు తెలుసు. పదిమంది ఆడవాళ్ళు చుట్టూ చేరి, ఏడిపించి, గాజులు పగలగొడతారు. మా పుట్టింటి వీధిలో ఆడవాళ్ళు అలాగే చేరారు కూడా. సన్యాసమ్మగారు ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. పెరట్లోకి ఒక్కతే వెళ్ళి గాజులు తనే ఒక్కొక్కటీ తీసేసి, మొహం కడుక్కుని వచ్చింది. బొట్టు లేని ఆ మొహం చూడలేక నేను వంటింట్లోకి పారిపోయాను. మేలో నేనన్న మాటలు గుర్తొచ్చి నా నోరు నేనే నొక్కుకోవాలనిపించింది.

పుష్కరాల రేవులో ఇసక వేస్తే రాలనంత జనం. గోదావరి నిండుగా, ఎర్రగా పోతోంది. అప్పలసూరి తడిబట్టలతో మెట్టు మీద కూచున్నాడు, ముందు పిండాలు. సన్యాసమ్మగారూ నేనూ వెనక మెట్టు మీద నిలబడ్డాం. పురోహితుడు గోత్రం అడిగాడు, అప్పలసూరి చెప్పాడు. పితృదేవుడి పేరు చెప్పమన్నాడు. అప్పలసూరి నోరు తెరిచాడు. పిండాల వైపు చూస్తూ ఉండిపోయాడు. వెనక వరసలో వాళ్ళు తొందరపెడుతున్నారు.

"పేరు, నాయనా," అన్నాడు పురోహితుడు మళ్ళీ.

"నీలకంఠం."

చెప్పింది సన్యాసమ్మగారు. భర్త పేరు భార్య పలకకూడదని పెళ్ళినాడు చెప్పిన దగ్గర్నుంచీ ఆవిడ ఒక్కసారి కూడా ఆ పేరు పలకలేదు. వోటరు లిస్టు వాళ్ళు అడిగినా కొడుకునే చెప్పమనేది. ఆ రేవులో మొట్టమొదటిసారి పలికింది.

ఆ రొదలో పురోహితుడికి సరిగ్గా వినపడలేదు. ఎవరూ అని చెవి దగ్గర చెయ్యి పెట్టాడు. సన్యాసమ్మగారు మెడ ఎత్తి, నీళ్ళ వైపు చూస్తూ, దూరాన ఓడ మీద ఉన్న మనిషికి వినపడేటంత గట్టిగా ఆ పేరు మళ్ళీ చెప్పింది.